అయిదో తరగతి పిల్లలు వాచకం చదవలేకపోతే: ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: నమస్కారం. పాఠం చెప్పే తీరు మీద జరిగిన పరిశోధనలు ఒడిశాలో మన పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు బడుల్లో ఎలా పనికొస్తాయో ఈరోజు మాట్లాడుకుందాం. టీచర్ల శిక్షణలో చాలాకాలం పనిచేసిన మేడమ్ స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్ పర్లాకిమిడి దగ్గర్నుంచి. చెప్పండి మాస్టారూ.

శ్రోత: నమస్తే మేడమ్. మాది తెలుగు బడండి. అయిదో తరగతికి చెప్తున్నాను. సగం మంది రెండో తరగతి వాచకం కూడా చదవలేరు. పైనుంచి సిలబస్ అవగొట్టమంటారు. ఏటి చెయ్యాలో తెలీడం లేదు.

మేడమ్: సగం మంది అని ఎలా తెలిసింది మాస్టారూ?

శ్రోత: యూనిట్ టెస్టు మార్కులు చూసేనండి.

మేడమ్: మార్కులు పక్కన పెట్టి, ఒక్కొక్కరినీ దగ్గర కూర్చోబెట్టుకుని పైకి చదివించండి. ముందు అక్షరాలు, తర్వాత చిన్న మాటలు, ఆ తర్వాత నాలుగు వాక్యాల పేరా, చివరికి రెండో తరగతి స్థాయి కథ. ప్రథమ్ సంస్థ 2005లో మొదలైన అసర్ సర్వేలో ఊరూరా ఇలాగే చదివించి చూస్తుంది. కొద్ది నిమిషాల పని. ఒకడు అక్షరం దగ్గరే ఆగిపోతాడు, ఇంకొకడు మాటలు చదివి పేరా దగ్గర ఆగుతాడు. మార్కుల్లో ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. ఇద్దరికీ చెప్పాల్సింది మాత్రం వేరు.

శ్రోత: తెలిసేక?

మేడమ్: రోజుకో గంట మూడు, నాలుగు, అయిదు తరగతుల పిల్లల్ని కలిపేసి, ఎవరు ఎంతవరకు చదవగలరో దాన్ని బట్టి గుంపులు చెయ్యండి. 2001-03 మధ్య ముంబై, వడోదర బడుల్లో ఇలాంటిదే చేసి చూశారు. వెనకబడ్డ పిల్లలకి రోజూ రెండు గంటలు ఆ పేటలోనే చదువుకున్న అమ్మాయి విడిగా చెప్పేది. బాలసఖి అనేవారు. ఏ తరగతికి బాలసఖిని ఇవ్వాలో చీటీలు తీసినట్టు ఎంచారు కాబట్టి ఆ ఫలితాన్ని నమ్మొచ్చు. బాగా వెనకబడ్డ పిల్లలే ఎక్కువ బాగుపడ్డారు. ఆ అధ్యయనం చేసినవాళ్ళలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ఉన్నారు. 2019లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న ముగ్గురిలో వాళ్ళిద్దరూ ఉన్నారు.

శ్రోత: మాకూ ట్రైనింగ్ ఇచ్చేరు, పుస్తకాలిచ్చేరు మేడమ్. ఏమీ మారలేదు.

మేడమ్: అది మీ ఒక్క బడిలోనే కాదు మాస్టారూ. ఉత్తరాఖండ్‌లో ఇదే పద్ధతికి శిక్షణ, సామగ్రి ఇచ్చి వదిలేస్తే ఫలితం కనబడలేదు. హర్యానాలో టైంటేబుల్లోనే ఒక గంట దీనికని కేటాయించారు, అధికారులు బడికొచ్చి చూశారు. అక్కడ పిల్లల హిందీ చదువు మెరుగుపడింది. రెండుచోట్లా ప్రభుత్వ టీచర్లే. మీ హెడ్మాస్టర్ని ఇంకో ట్రైనింగ్ అడక్కండి, ఆ గంట అడగండి. గట్టిగా అడగండి.

శ్రోత: సవర పిల్లలు కూడా ఉన్నారండి.

మేడమ్: అయితే ఇంకో సంగతి చూడాలి. ఆ పిల్లకి అక్షరం రాలేదా, అక్షరం వచ్చి తెలుగు మాట తెలియలేదా? గిడుగు రామమూర్తి పంతులుగారు మీ పర్లాకిమిడిలోనే కదా సవర నేర్చుకుని, ఆ పిల్లల కోసం సవరలో వాచకాలు రాసి బడులు పెట్టింది! ఒడిశా ప్రభుత్వం కూడా 2007లో సవరతో సహా 10 గిరిజన భాషల్లో చిన్న తరగతుల చదువు మొదలుపెట్టింది. ఆ పుస్తకాల కోసం బ్లాక్ ఆఫీసులో అడగండి. అవి వచ్చేలోపు, సవర వచ్చిన పెద్ద తరగతి పిల్లచేత కథ ముందు సవరలో చెప్పించండి. చదివించడం ఆ తర్వాత.

యాంకర్: రాయగడ నుంచి ఒకమ్మ లైన్లో ఉన్నారు.

శ్రోత: నమస్తే మేడమ్. మా బాబు ఎనిమిదో తరగతి, ఒడియా మీడియం. సైన్సు పాఠం పదేసిసార్లు చదువుతాడు. పరీక్షలో ఒక్క ముక్క గుర్తుండదు.

మేడమ్: రెండోసారి చదివాక పుస్తకం మూయించెయ్యండమ్మా. గుర్తున్నది రాయమనండి. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థుల మీద దీన్ని పరీక్షించారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే, మళ్ళీ చదివినవాళ్ళే ముందున్నారు. వారం తర్వాత పెడితే, పుస్తకం చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్ళు ముందుకొచ్చారు. చదవగానే అంతా వచ్చేసినట్టు అనిపిస్తుంది కదా, మీవాడు అక్కడే మోసపోతున్నాడు.

శ్రోత: నాకు ఒడియా చదవడం రాదు మేడమ్. వాడు చెప్పింది తప్పో ఒప్పో ఎలా తెలుస్తుంది?

మేడమ్: మీకు రాకపోయినా పరవాలేదమ్మా. పాఠం మీకు తెలుగులో చెప్పమనండి. తడబడినచోట వాడే పుస్తకం తెరిచి సరిచూసుకుంటాడు. రెండ్రోజులు ఆగి అదే పాఠం మళ్ళీ అడగండి.

యాంకర్: గుణుపురం నుంచి చివరి కాల్.

శ్రోత: కొత్తగా చేరిన టీచర్నండి. చూసి నేర్చుకునేవాళ్ళు, విని నేర్చుకునేవాళ్ళు, చేసి నేర్చుకునేవాళ్ళు అని పిల్లల్ని విడదీసి మూడు రకాలుగా పాఠం చెప్పమన్నారు. రాత్రంతా దానికే సరిపోతోంది.

మేడమ్: మానెయ్యమ్మా. పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు దీని మీద వచ్చిన పరిశోధనల్ని 2008లో పరిశీలించి, అలా విడదీసి చెప్పడానికి తగిన ఆధారం లేదని తేల్చారు. బొమ్మా, మాటా, చేతిపనీ పిల్లలందరికీ కావాలి. మాస్టారికి చెప్పిన చదివించే వరస రాసుకున్నావా?

శ్రోత: రాసుకున్నానండి. మరి లెక్కలకి?

మేడమ్: ముందు 1 నుంచి 9 అంకెలు, తర్వాత రెండంకెల సంఖ్యలు, ఆ తర్వాత అప్పు తెచ్చుకునే తీసివేత, చివరికి భాగహారం. ఎవరు ఎక్కడ ఆగారో పేరు పక్కన రాసుకో. వచ్చే వారం ఆ కాగితం పట్టుకుని ఫోన్ చెయ్యి, గుంపులు ఎలా చెయ్యాలో చూద్దాం.