పుట్టగొడుగులకు డెన్వర్ పచ్చజెండా ఊపిందా?

(చర్చలో: అమెరికాలో ప్రాక్టీస్ చేస్తున్న తెలుగు ఇమ్మిగ్రేషన్ లాయర్, ఒక మానసిక వైద్యురాలు, డెన్వర్‌లో ఇరవయ్యేళ్లుగా ఉంటున్న సాఫ్ట్‌వేర్ ఇంజినీర్)

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ వారం చర్చకు కారణం ఒక వాట్సాప్ మెసేజ్. "కొలరాడోలో మ్యాజిక్ మష్రూమ్స్ లీగల్ అయిపోయాయి, ఎవరైనా తినొచ్చు" అని మన గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. మ్యాజిక్ మష్రూమ్స్ అంటే మత్తెక్కించే పుట్టగొడుగులు, కొలరాడో అంటే డెన్వర్ ఉన్న రాష్ట్రం. ఇంజినీర్ గారూ, 2019లో మీరే ఓటేశారు కదా. దేనికి వేశారు?

ఇంజినీర్: లీగల్ చేయడానికైతే కాదండి. డెన్వర్‌లో ఓటుకు పెట్టిన ఇనిషియేటివ్ 301 అనే ప్రతిపాదన అడిగింది చిన్న విషయం. 21 ఏళ్లు దాటినవాళ్ల దగ్గర సొంత వాడకానికి ఈ పుట్టగొడుగులు కనిపిస్తే పోలీసులు దాన్ని అన్నిటికంటే ఆఖరి పనిగా చూడాలి, వాళ్ల మీద కేసులకు సిటీ డబ్బు పెట్టకూడదు. మే 7న పోలింగ్. ఓడిపోయిందని ఆ రాత్రే వార్తల్లో చెప్పేశారు, నేను పడుకున్నా. మర్నాడు లెక్క తేలేసరికి 2 వేల లోపు ఓట్ల తేడాతో గెలిచింది!

వ్యాఖ్యాత: అంటే పోలీసు చూసీ చూడనట్టు పోవాలి.

లాయర్: అంతే. సంక్రాంతికి మన భీమవరం వైపు కోడిపందేలు ఎలా జరుగుతాయి? చట్టం చట్టంలాగే ఉంటుంది, ఊరు ఊరంతా బరి దగ్గరే ఉంటుంది. డెన్వర్ వాళ్లు ఆ చూసీ చూడకపోవడాన్ని ఓటేసి మరీ రాసుకున్నారు, అదే తేడా. నెల తిరక్కుండా ఓక్లాండ్ సిటీ కౌన్సిల్ ఇంకో అడుగు ముందుకేసి పుట్టగొడుగులతో పాటు కొన్ని కాక్టస్‌లు, అయవాస్కా, ఇబోగా లాంటి మత్తిచ్చే మొక్కలన్నిటికీ అదే తీర్మానం చేసింది. ఆ తర్వాత యాన్ ఆర్బర్, వాషింగ్టన్ డీసీ, సియాటెల్, డెట్రాయిట్.

వ్యాఖ్యాత: మరి ఆ ఊళ్లలో అరెస్టులు ఆగిపోయాయా?

లాయర్: ఓక్లాండ్‌లోనే, తీర్మానమైన ఏడాదికి, 2020 ఆగస్టులో, పుట్టగొడుగుల్ని ప్రసాదంలా పంచుతున్న ఒక చర్చి మీద పోలీసులు దాడి చేసి సరుకు పట్టుకుపోయారు. దగ్గర ఉంచుకోవడం వేరు, నలుగురికీ అమ్మడం, పంచడం వేరు. మనవాళ్లు ఈ గీతను అస్సలు చూడరు.

ఇంజినీర్: కొలరాడోలో మాత్రం తర్వాత రాష్ట్ర చట్టమే మారిందండి. 2022 నవంబర్‌లో రాష్ట్రమంతా ఓటేసిన ప్రపోజిషన్ 122 అనే ప్రతిపాదన గెలిచింది. 21 దాటితే పెంచుకోవచ్చు, డబ్బు తీసుకోకుండా ఇంకో పెద్దవాళ్లకి ఇవ్వొచ్చు. అమ్మితే నేరమే. పెంచే చోటు కూడా 12 అడుగులకు 12 అడుగులే, తాళం వేసి ఉంచాలి.

వ్యాఖ్యాత: డాక్టర్ గారూ, దీన్ని సమర్థించేవాళ్లందరిదీ ఒకటే మాట, "ఇది ప్రకృతి ఇచ్చింది" అని.

వైద్యురాలు: వినాయక చవితికి పెట్టే 21 పత్రిలో ఉమ్మెత్తాకు ఉంటుంది. అదీ ప్రకృతి ఇచ్చిందే. పూజలో పెడతాం, పప్పులో వేసుకుంటామా? గన్నేరు సంగతి చెప్పక్కర్లేదు. నాకు ఆ వాదన అంటేనే చిరాకు. ఈ పుట్టగొడుగుల్లో మత్తిచ్చే పదార్థం సైలోసైబిన్. దానికి అలవాటు పడిపోయే గుణం తక్కువే, ఒప్పుకుంటాను. డిప్రెషన్ మీద దాని పరిశోధనకు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో బ్రేక్‌త్రూ హోదా, అంటే త్వరగా ముందుకు తీసుకెళ్లే హోదా, ఇచ్చింది, అదీ నిజమే. కానీ ఆ పరిశోధనల్లో ముందు మనిషిని వడగడతారు. ఇంట్లో ఎవరికైనా స్కిజోఫ్రీనియా ఉందా, బైపోలార్ ఉందా, లిథియం మాత్రలు వాడుతున్నారా అని అడుగుతారు. మత్తు ఉండే నాలుగైదారు గంటలూ పక్కనే మనిషి కూర్చుంటాడు. హాస్టల్ గదిలో ఎవడు కూర్చుంటాడు?

ఇంజినీర్: ఎంతమందికి మనసు అదుపు తప్పుతుంది డాక్టర్ గారూ? మందు తాగి పోయేవాళ్లతో పోలిస్తే...

వైద్యురాలు: మందుతో పోలిస్తే ప్రతిదీ మంచిదే! 2023 అక్టోబర్‌లో డ్యూటీలో లేని ఒక పైలట్ కాక్‌పిట్‌లో కూర్చుని వెళ్తూ గాల్లోనే ఇంజిన్లు ఆపబోయాడు. రెండు రోజుల క్రితం పుట్టగొడుగులు తిన్నానని, నిద్రే లేదని తర్వాత చెప్పాడు. అది అరుదు, కాదనను. ఇంకోటి, అడవిలో ఏరుకునేవాళ్లకు. ఈ రకాల్లాగే కనిపించే గెలెరినా అనే పుట్టగొడుగు ఉంది. తింటే లివర్ పోతుంది.

వ్యాఖ్యాత: ఇవి అసలు ఎవరివి? ఓట్లు రాకముందు కూడా వాడినవాళ్లు ఉన్నారు కదా.

వైద్యురాలు: ఆ కథే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. మెక్సికోలోని వావుట్లాలో మరియా సబీనా అనే మసాటెక్ ఆదివాసీ వైద్యురాలు ఉండేది. పుట్టగొడుగులు వాళ్లకు రోగం తెలుసుకునే పూజ, సరదా కాదు. 1955లో వాసన్ అనే అమెరికా బ్యాంకర్ ఆ పూజలో కూర్చున్నాడు, 1957లో లైఫ్ పత్రికలో రాశాడు. ఇక జనం ఎగబడ్డారు. ఊరివాళ్లు ఆమెనే తప్పుపట్టారు, ఆమె ఇల్లు తగలబడింది. ఆ పుట్టగొడుగులు ఇప్పుడు ఏ నగరంలో నేరం కాకపోయినా ఆమెకు ఒరిగేదేముంది?

లాయర్: పెయోటి అనే మత్తిచ్చే కాక్టస్ విషయంలో అదే గొడవ నడుస్తోంది. అమెరికాలో అది దక్షిణ టెక్సాస్‌లోనే దొరుకుతుంది, ఎదగడానికి ఏళ్లూపూళ్లూ పడుతుంది. 1994 చట్టం ప్రకారం ఆదివాసీలు పూజకు వాడుకోవచ్చు. "మాకే చాలట్లేదు, మీ నగరాల తీర్మానాల్లోంచి పెయోటిని తీసేయండి" అని ఆ ఆదివాసీల నేటివ్ అమెరికన్ చర్చి వాళ్లే అడిగారు. కొలరాడో ఆ మాట విన్నది. 122లో పెయోటి లేదు.

ఇంజినీర్: అది మాత్రం మేం సరిగ్గా చేశాం.

వ్యాఖ్యాత: మన దేశంలో?

లాయర్: మన దగ్గర నగరాలకు ఆ అధికారం లేదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం, ఎన్‌డీపీఎస్, కేంద్రానిది. 2025 జనవరిలో కేరళ హైకోర్టు ఒక బెయిల్ కేసులో, పుట్టగొడుగు మొత్తం బరువును సైలోసైబిన్ బరువుగా లెక్కకట్టకూడదంది. దాన్ని కూడా "కేరళలో లీగల్" అని ఫార్వర్డ్ చేశారు. లీగల్ కాదు, కేసులో ఎంత తూకం లెక్కించాలన్న గొడవ.

వ్యాఖ్యాత: డెట్రాయిట్ నుంచి ఒక విద్యార్థి లైన్లో ఉన్నాడు. చెప్పు బాబూ.

విద్యార్థి: నమస్తే అండి. నేను ఎఫ్1 స్టూడెంట్ వీసా మీద ఉన్నాను. ఇక్కడ 2021లోనే ఓటింగ్ అయింది. మా రూమ్మేట్లు ఏమీ కాదంటున్నారు. నేనింకా తీసుకోలేదు మేడం, ఊరికే అడుగుతున్నా.

లాయర్: ఊరికే అడిగినా మంచిదే నాన్నా. నువ్వుంటున్నది డెట్రాయిట్‌లో, నీ వీసా మాత్రం వాషింగ్టన్‌ది. 1970 నుంచి ఫెడరల్ చట్టంలో, అంటే దేశమంతటికీ వర్తించే చట్టంలో, ఇది అన్నిటికంటే కఠినమైన జాబితా షెడ్యూల్ 1లో, హెరాయిన్ సరసన ఉంది. ఇమ్మిగ్రేషన్ వాళ్లకు డెట్రాయిట్ ఓటు కనిపించదు. దేశంలో ఉండగా డ్రగ్ కేసులో శిక్ష పడితే పంపించేయొచ్చు. 30 గ్రాముల లోపు సొంత గంజాయి ఒక్కసారికి మినహాయింపు ఉంది, పుట్టగొడుగుకు అదీ లేదు. కేసే లేకపోయినా, వీసా ఇంటర్వ్యూలో "అవును, తీసుకున్నాను" అని నోటితో ఒప్పుకుంటే వీసా ఆగిపోవడానికి అదే చాలు.

విద్యార్థి: అడుగుతారా మేడం?

లాయర్: వీసా దరఖాస్తు డీఎస్ 160 ఫారంలో డ్రగ్స్ చట్టాల్ని ఎప్పుడైనా అతిక్రమించావా అన్న ప్రశ్న ఉంది. అబద్ధం రాస్తే అదింకో తప్పు. ఎయిర్‌పోర్టులో ఫోన్ చూసే అధికారం కూడా వాళ్లకుంది, వాట్సాప్ ఫొటోలతో సహా.

విద్యార్థి: ...సరే మేడం. థాంక్యూ.

వ్యాఖ్యాత: ఇంజినీర్ గారూ, ఇదంతా విన్నాక మళ్లీ ఓటు పెడితే?

ఇంజినీర్: మళ్లీ వేస్తానండి. పుట్టగొడుగు తిన్నందుకు జైల్లో వేయడం నాకు నచ్చదు. కానీ ఒకటి ఒప్పుకోవాలి. మా బావమరిది హెచ్1బీ మీద మా ఇంట్లోనే ఉంటున్నాడు. పోయిన ఏడాది బేస్‌మెంట్‌లో పెంచుదామని కిట్ ఒకటి తెప్పించా. మా ఆవిడ వాడి వీసా గుర్తుచేసింది. కిట్ డబ్బా కూడా విప్పలేదు.