మూడు బ్యాటరీలు మింగిన బండి: రేణిగుంట రోడ్డు షెడ్డులో ఒక మధ్యాహ్నం

హోస్ట్: అందరికీ నమస్తే. ఈ ఎపిసోడ్ స్టూడియోలో కాదు, తిరుపతిలో రేణిగుంట రోడ్డు నుంచి కాస్త లోపలికి ఉన్న ఒక షెడ్డులో రికార్డు చేస్తున్నాం. మధ్యమధ్యలో లారీ హారన్లు వినిపిస్తాయి, సర్దుకోండి. నా పక్కన ఉన్న అన్న ముప్పై ఏళ్లకు పైగా బండ్ల వైరింగ్ పనే చేస్తున్నారు. పేరు వద్దన్నారు కాబట్టి నేనూ అన్న అనే పిలుస్తాను. మా ఇద్దరి మధ్య డబుల్ స్టాండు మీద ఉన్నది నా బండి. 350 సీసీ, ఒకే సిలిండరు, కార్బురేటర్ బండి. కొని పదిహేనేళ్లు దాటింది. హార్స్‌లీ హిల్స్, తలకోన, కుప్పం దాటి బెంగళూరు, ఇటు చెన్నై, అన్నీ దీని మీదే తిరిగాను. కానీ ఏడాదిన్నరలో మూడు బ్యాటరీలు మార్చాను. అన్నా, ఎక్కడ మొదలుపెడదాం?

అన్న: బండి దగ్గర కాదు, నీ దగ్గర మొదలుపెడదాం. చివరిసారి ఆగినప్పుడు ఏం జరిగిందో మొదటినుంచీ చెప్పు. ఏదీ వదలొద్దు.

హోస్ట్: మదనపల్లె నుంచి వస్తున్నాను. కార్తీక మాసం, సాయంత్రం నుంచీ వాన. పీలేరు దాటాక హెడ్‌లైటు వెలుగు తగ్గి పసుపు రంగులోకి వచ్చింది. భాకరాపేట ఘాట్ మొదలయ్యేసరికి ఇండికేటర్ వేస్తే చాలు, అది వెలిగిన ప్రతిసారీ ఇంజన్ దగ్గేది. రెండు మలుపులు తిరిగాక పూర్తిగా ఆగిపోయింది. సెల్ఫ్ కొడితే టక్ మని ఒక్క శబ్దం, అంతే. వెనకాల పాల వ్యాను ఒకటి వచ్చింది. ఆ డ్రైవరు నన్ను దాటిపోకుండా తన లైట్లు నా ముందు రోడ్డు మీద పడేలా మెల్లగా వెనకే వచ్చాడు. న్యూట్రల్‌లో బ్రేకు మీద కిందిదాకా దిగాను. ఆయనెవరో నాకు తెలియదు. ఈ ఎపిసోడ్ వింటుంటే, అన్నా, మీకు దండం.

అన్న: ఇప్పుడు నువ్వు చెప్పినదాంట్లోనే సగం జవాబు ఉంది. ఇండికేటర్ వెలిగినప్పుడల్లా ఇంజన్ దగ్గిందన్నావు చూడు, అంటే ప్లగ్గులో నిప్పురవ్వకు కావాల్సిన కరెంటుకే కొరత వచ్చింది. బండి నడుస్తోంది, కానీ బ్యాటరీలో దాచుకున్నది తింటూ నడుస్తోంది. అది అయిపోగానే ఆగింది. అంటే నేరం బ్యాటరీది కాదు, దానికి అన్నం పెట్టాల్సినవాళ్లలో ఎవరో పెట్టడం లేదు.

హోస్ట్: ప్రతిసారీ కొత్త బ్యాటరీ వేస్తే నాలుగైదు నెలలు బాగానే ఉండేదే?

అన్న: అదే మోసం. కొత్త బ్యాటరీ నిండా చార్జయి వస్తుంది. ఇంటి నుంచి ఆఫీసుకి, ఆఫీసు నుంచి ఇంటికి తిరిగితే ఆ సగం సగం చార్జింగ్‌తోనే నెట్టుకొస్తుంది. కానీ లెడ్ బ్యాటరీ ఎప్పుడూ అరకడుపుతో ఉంటే లోపలి ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిగా పేరుకుంటుంది. తర్వాత ఎంత చార్జి పెట్టినా పట్టుకోదు. దానికి తోడు మన తిరుపతి ఎండ. నీళ్లు పోసే రకమైతే వేసవిలో నెలకోసారి మట్టం చూడాలి. డిస్టిల్డ్ వాటరే పోయాలి. ఇంట్లో ఆర్‌ఓ నీళ్లు శుభ్రంగానే ఉంటాయి కదా అని పోసేవాళ్లున్నారు, వాటిలో లవణాలు ఉంటాయి, బ్యాటరీ పాడవుతుంది.

హోస్ట్: సరే, మీటరు తీశారు అన్న. మామూలు డిజిటల్ మల్టీమీటర్, నాలుగైదు వందలకు దొరికేది. ఏం చేస్తున్నారో నేను చెబుతుంటాను. ఇంజన్ ఆఫ్‌లో బ్యాటరీ మీద 12.5 వోల్టులు.

అన్న: రాత్రంతా కదపని బ్యాటరీ 12.6 నుంచి 12.8 దాకా చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12 దగ్గరికొస్తే దాదాపు ఖాళీ. ఇది పర్వాలేదు. ఇప్పుడు సెల్ఫ్ కొట్టు, నేను మీటరు చూస్తా... 10.7. మంచిదే. సెల్ఫ్ తిరిగేటప్పుడు పదికి పైన నిలబడితే బ్యాటరీకి బలం ఉన్నట్టే. తొమ్మిదికి పడిపోతే అప్పుడు బ్యాటరీని అనుమానించు. ఇక ఇంజన్ నడవనీ. నాలుగు వేల ఆర్‌పీఎం దగ్గర పట్టుకో.

హోస్ట్: 12.9 చూపిస్తోంది. హెడ్‌లైటు వేస్తే... 12.4.

అన్న: దొరికాడు. ఆ రేజ్‌లో 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. 15 దాటితే వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పోయి బ్యాటరీని ఉడకబెడుతోందని. మనది పైకి రావడమే లేదు. ఇక్కడికొచ్చాక చాలామంది ఏం చేస్తారో తెలుసా? "స్టేటర్ కాయిల్ పోయింది, మార్చేద్దాం" అంటారు, అంటే ఇంజన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించే చుట్ట. కాయిల్ మార్చినా తగ్గకపోతే "రెక్టిఫైయర్ మార్చి చూద్దాం" అంటారు, అంటే ఆ కరెంటును బ్యాటరీకి ఎక్కేలా మార్చేది. మార్చి చూడటానికి డబ్బులు మీవి కదా.

హోస్ట్: నాకూ ఒకచోట కాయిల్ మార్చమనే చెప్పారు. పాత బండికి దొరకాలంటే ఆర్డరు పెట్టి పది రోజులు ఆగాలన్నారు.

అన్న: మార్చేముందు కొలవాలి. మంచి పార్టు విప్పి పారేసి, రోగం అలాగే ఉంచి బండి ఇస్తే ఆ మనిషి మళ్లీ ఏ ఘాట్ రోడ్డులోనో ఆగుతాడు. ఇది చిన్న విషయం కాదు తమ్ముడూ. సరే, సీటు కింద చూడు. ఇంజన్ నుంచి మూడు పసుపు వైర్లు వస్తున్నాయి కదా, అవి స్టేటర్‌వి. వైర్లను కలిపే ఆ కప్లర్ విప్పి, మీటరును ఏసీ వోల్టుల మీద పెట్టి, వైర్లను రెండేసి చొప్పున చూడాలి. మూడు జతలు, మూడు రీడింగులు.

హోస్ట్: ఒక్క నిమిషం. అన్న కప్లర్ విప్పుతున్నారు, రావట్లేదు. స్క్రూడ్రైవర్‌తో లేపుతున్నారు. ఆ... వచ్చింది. అయ్యో.

అన్న: వాసన చూడు.

హోస్ట్: కాలిన ప్లాస్టిక్ వాసన. వినేవాళ్లకు చెప్పాలి: ఇది తెల్లటి ప్లాస్టిక్ కప్లర్, బొటనవేలంత ఉంటుంది. రెండు గదులు తెల్లగానే ఉన్నాయి. మూడోది టీ డికాక్షన్ రంగులోకి తిరిగి, అంచు కరిగి లోపలికి కుంగింది. లోపలి పిన్ను నల్లబడింది, దాని మొదలు దగ్గర పచ్చటి చిలుము. వైరు మీద పసుపు తొడుగు ఒక అంగుళం మేర పెళుసుబారి, వేలితో నొక్కితే రాలిపోతోంది.

అన్న: ఇంకా సంబరపడొద్దు, కాయిల్ కూడా చూడాలి. రేజ్ పట్టుకో. 51... 52... 51. మూడూ సమానంగా ఉన్నాయి. అంకె ఎంతన్నది బండిని బట్టి, ఆర్‌పీఎంని బట్టి మారుతుంది, ముఖ్యం సమానంగా ఉండటం. ఇంజన్ ఆపి, ఒక్కో వైరుకూ ఇంజన్ బాడీకీ మధ్య ఓమ్స్ చూద్దాం... కనెక్షన్ లేదు. అలాగే ఉండాలి. ఉంటే కాయిల్ లోపల షార్ట్ అయినట్టు. నీ కాయిల్‌కు ఏ రోగమూ లేదు.

హోస్ట్: అంటే ఒక్క పిన్ను వల్ల మూడు బ్యాటరీలా?

అన్న: లెక్క చెబుతా విను. ఆ పిన్ను కాస్త వదులైంది. వానలో తడిసింది, చిలుము పట్టింది. అక్కడ 0.2 ఓమ్ అడ్డు వచ్చిందనుకో. ఆ వైరులో పది ఆంపియర్లు పారితే, పదిని పదితో గుణించి 0.2తో గుణిస్తే 20 వాట్లు. నేను టంకం వేసే కడ్డీ 25 వాట్లది. అంటే నీ సీటు కింద, ప్లాస్టిక్ డబ్బాలో, దాదాపు ఒక టంకం కడ్డీ వెలుగుతోందన్నమాట. వేడికి పిన్ను ఇంకా వదులవుతుంది, వదులైతే వేడి ఇంకా పెరుగుతుంది. అలా ఒక వైరు చచ్చుబడిపోయింది, మిగిలిన రెండింటితోనే బండి నెట్టుకొచ్చింది.

హోస్ట్: ఇప్పుడు కోసేసి వైర్లు మెలేసి టేపు చుడితే?

అన్న: అలా చేసిన బండ్లు చూస్తే నాకు కడుపు మండుతుంది. టేపు కింద నీళ్లు చేరి మళ్లీ అదే కథ. కాలిన వైరును రాగి మెరిసేదాకా వెనక్కి కోయాలి. కాలిన చోట రాగి నల్లగా ఉంటుంది, దాని మీద టంకం పట్టదు. కొత్త పిన్నులు వైరు మీద గట్టిగా నొక్కి క్రింప్ చేసి, మంచి కప్లర్ పెట్టి, దాన్ని ఇంజన్ వేడికి దూరంగా కట్టాలి. అరగంట పని. మీరు మాట్లాడుకోండి, నేను చేస్తుంటా.

హోస్ట్: చేతులు పనిలో పెట్టి మాట్లాడండి అన్నా. ఎర్త్ గురించి మీరు ఫోన్లో ఏదో అన్నారు.

అన్న: పాత బండిలో నేను కప్లర్ తర్వాత పట్టుకునేది ఎర్తే. బ్యాటరీ నెగటివ్ నుంచి ఇంజన్‌కు వెళ్లే వైరు బోల్టు కింద తుప్పు, పెయింటు చేరతాయి. పైకి బాగానే కనిపిస్తుంది. మీటరు ఒక కాలు బ్యాటరీ నెగటివ్ మీద, రెండో కాలు ఇంజన్ బాడీ మీద పెట్టి సెల్ఫ్ కొట్టాలి. దాదాపు సున్నా రావాలి. అర వోల్టు దాటితే ఆ బోల్టు విప్పి, ఉప్పుకాగితంతో రుద్ది బిగించు. లైట్లు డల్లుగా ఉండటం, హారన్ మూలగటం, సెల్ఫ్ టక్ మనడం, వీటిలో ఎన్నో ఆ ఒక్క బోల్టుతో పోతాయి.

హోస్ట్: పలమనేరు నుంచి ఒక శ్రోత అడిగారు. ఆయన పాత బండి నలభై కిలోమీటర్లు బ్రహ్మాండంగా వెళ్లి ఆగిపోతుందట. పది నిమిషాలు ఆగితే మళ్లీ స్టార్టవుతుందట.

అన్న: రెండు అనుమానాలు. ఆగిన వెంటనే, చల్లారకముందే, పెట్రోలు ట్యాంకు మూత తెరవమను. లోపలికి గాలి పీల్చుకున్న శబ్దం వచ్చి, వెంటనే స్టార్టయితే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయినట్టు. పెట్రోలు దిగుతుంటే ఆ ఖాళీలోకి గాలి రావాలి, రాకపోతే పెట్రోలు కిందికి దిగదు. సన్నటి తీగతో శుభ్రం చేస్తే సరి. అలా స్టార్ట్ కాలేదా, మూత గట్టిగా పెట్టేశాకే ప్లగ్గు విప్పి, బాడీకి ఆనించి నిప్పురవ్వ చూడాలి. వేడిగా ఉన్నప్పుడు రవ్వ లేక, చల్లారాక వస్తుంటే ప్లగ్గుకు కరెంటు పంపే ఇగ్నిషన్ కాయిల్, లేదంటే రవ్వ ఎప్పుడు రావాలో సిగ్నల్ ఇచ్చే పికప్ కాయిల్. వేడికి లోపలి చుట్టలు తెగి మళ్లీ కలుస్తుంటాయి. ఇంటికొచ్చాక చూస్తానంటే దొరకదు. ఆగినచోటే చూడాలి.

హోస్ట్: చైను, టైర్లు, క్లచ్ వైరు?

అన్న: చైను లూజు 25, 30 మిల్లీమీటర్లు, లగేజీ ఎక్కువైతే మళ్లీ చూసుకో. టైరు మీద నాలుగంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం. రబ్బరు గట్టిపడి ఉంటే గాట్లు ఎంత లోతుగా ఉన్నా వానలో నమ్మొద్దు. కానీ నేను చెప్పాలనుకున్నది బ్రేకు ఆయిల్. తిరుమల నుంచి దిగే రోడ్డు, 1944లో వేసిన మొదటి ఘాట్, 36 మలుపులు. దాని మీద ఇంట్లోవాళ్లను వెనక కూర్చోబెట్టుకుని, న్యూట్రల్‌లో బ్రేకు తొక్కుతూ దిగేవాళ్లను చూస్తే భయమేస్తుంది.

హోస్ట్: ఆ రాత్రి నేనూ అలాగే దిగాను కదా.

అన్న: నీకు వేరే దారి లేదు, మెల్లగా దిగావు. ఇంజన్ నడుస్తున్నప్పుడు మాత్రం సెకండ్ గేర్‌లో దిగు, ఇంజనే పట్టుకుంటుంది. ఇక ఆయిల్. డాట్ ఫోర్ ఆయిల్ కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. అది గాలిలోని తేమను పీలుస్తుంది. తేమ చేరాక ప్రమాణం 155కే పడిపోతుంది. మరిగితే లోపల ఆవిరి బుడగలు, బుడగలు నొక్కుకుపోతాయి కాబట్టి లివరు చేతికొచ్చేస్తుంది, బ్రేకు పడదు. రెండేళ్లకోసారి మార్చాలి. నీది తేనె రంగు దాటి కాఫీ రంగులో ఉంది, అదీ ఇవాళే మారుస్తున్నా.

హోస్ట్: మార్చండన్నా. అది నేనెప్పుడూ చూడలేదు.

(కాసేపు విరామం)

హోస్ట్: మళ్లీ వచ్చాం. కొత్త కప్లర్ పడింది. ఇంజన్ స్టార్ట్ చేశాను, నాలుగు వేల దగ్గర పట్టుకున్నాను.

అన్న: 14.1. హెడ్‌లైటు వెయ్యి. 13.8. హారన్ కొట్టు. అదీ, హారన్ గొంతే మారిపోయింది. ఇప్పుడు ఆ ముందు పెట్టించిన రెండు లైట్లు వెయ్యి.

హోస్ట్: 12.7.

అన్న: అవి ఒక్కొక్కటి ఎన్ని వాట్లు?

హోస్ట్: 55. హాలోజన్.

అన్న: రెండూ కలిపి 110 వాట్లు, అంటే తొమ్మిది ఆంపియర్లకు పైనే. ఈ బండి కాయిల్ అంత పెట్టలేదు. పైగా ఎక్కువ కరెంటును విడి వైరు నుంచి ఇచ్చే స్విచ్చు, అదే రిలే, లేదు, ఫ్యూజ్ లేదు, హెడ్‌లైటు వైరునే గీకి కలిపారు. ఆ పిన్ను మీద భారం పెంచింది ఇవే. రాత్రి ఘాట్‌లో వెలుగు కావాలంటే తక్కువ వాట్ల ఎల్‌ఈడీలు రిలేతో, విడి ఫ్యూజ్‌తో పెడతా. వీటిని ఉంచనా, విప్పనా?

హోస్ట్: విప్పేయండన్నా. పదో నంబరు స్పానర్ ఇదిగో.