బ్లోయర్ తిరగకపోతే ముందే మోటారును అనుమానించకండి

అందరికీ నమస్కారం.

మన ఊళ్లో గదికో స్ప్లిట్ ఏసీ ఉంటుంది. ఒకటి మొరాయిస్తే పక్క గదిలో పడుకుంటాం. అమెరికాలో చాలాచోట్ల ఇల్లంతటికీ, మహా అయితే అంతస్తుకొకటి చొప్పున, ఒకటే బ్లోయర్, అంటే గాలి తోసే పెద్ద ఫ్యాన్. ఎండాకాలం చల్లగాలినీ చలికాలం వేడిగాలినీ గదుల్లోకి తోసేది అదే. అది ఆగితే బయట కంప్రెసర్ ఎంత తిరిగినా, లోపల గ్యాస్ ఎంత మండినా మనకు అందేది ఏమీ ఉండదు.

బ్లోయర్ ఆగిందనగానే మోటారు పోయిందనుకుంటారు. మార్చాలంటే వందల డాలర్లు. కానీ చెడిపోయిన మోటారు వేరు, తిరగమని ఎవరూ చెప్పని మోటారు వేరు. ఈ రెండింటినీ విడదీయడం నేర్చుకుంటే సగం ఖర్చు అక్కడే మిగులుతుంది.

ముందుగా గోడ మీద చల్లదనం, వేడి పెట్టుకునే థర్మోస్టాట్‌ను ఆఫ్ చేయండి. గాలి లేకుండా కంప్రెసర్ నడిస్తే గాలిని చల్లబరిచే లోపలి గొట్టాల చుట్ట, అంటే కాయిల్, మంచుగడ్డ అవుతుంది, అందులో తిరిగే రిఫ్రిజెరెంట్ ఆవిరి కాకుండా ద్రవంగానే కంప్రెసర్‌లోకి వెళ్లి దాన్ని దెబ్బతీయవచ్చు. చలికాలంలో అయితే మంట వెలిగిన అర నిమిషానికో నిమిషానికో బ్లోయర్ అందుకోవాలి. అందుకోకపోతే లోపల వేడెక్కి లిమిట్ స్విచ్ గ్యాస్‌ను ఆపేస్తుంది. చల్లారాక మళ్లీ వెలుగుతుంది, మళ్లీ ఆగుతుంది. దాన్ని అలా వదిలేయకండి. గ్యాస్ వాసన వచ్చినా, కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగినా ఏమీ ముట్టుకోకుండా అందరూ బయటికి వచ్చి ఫోన్ చేయండి.

ఇప్పుడు థర్మోస్టాట్‌లో కూల్, హీట్ రెండూ ఆఫ్‌లోనే ఉంచి, ఫ్యాన్‌ను ఆటో నుంచి ఆన్‌కు మార్చండి. బ్లోయర్ తిరిగిందా? అయితే మోటారు బతికే ఉంది. వేడికి తిరిగి చల్లదనానికి తిరగకపోయినా సాధారణంగా మోటారు తప్పు కాదు. వేడి వేళ బ్లోయర్‌ను ఫర్నేస్ (గ్యాస్ మండించి వేడిగాలి ఇచ్చే యంత్రం, బ్లోయర్ ఉండేది అందులోనే) లోపలి ఎలక్ట్రానిక్ బోర్డే నడుపుతుంది, చల్లదనానికి థర్మోస్టాట్ నుంచి జీ అనే తీగ మీదుగా 24 వోల్టులు రావాలి. ఆ తీగనో, ఆ సంకేతం అందాక మోటారుకు కరెంటు కలిపే బోర్డు మీది రిలేనో చూడాలి.

దేనికీ తిరగకపోతే ఫర్నేస్ దగ్గరికి వెళ్లండి. డాలస్ వైపు ఇళ్లలో అది చాలాచోట్ల అటిక్‌లో, న్యూజెర్సీ వైపు బేస్‌మెంట్‌లో ఉంటుంది. పక్కనే అచ్చం లైటు స్విచ్‌లా ఉండే స్విచ్ ఒకటి ఉంటుంది, యూనిట్ మొత్తానికీ కరెంటు దాని మీదే. ఇండియా ప్రయాణం ముగిశాక సూట్‌కేసులు పైకెక్కించి, దిగేటప్పుడు లైటనుకుని దాన్నే ఆపేస్తుంటారు. ఆ తర్వాత బ్రేకర్ చూడండి.

ఫర్నేస్ ముందు మూత అయిన ప్యానెల్‌కు చిన్న అద్దం ఉంటే, ప్యానెల్ తీయకముందే అందులోంచి బోర్డు మీది దీపం ఎన్నిసార్లు మిణుకుతోందో లెక్కపెట్టండి. ప్యానెల్ తీస్తే డోర్ స్విచ్ కరెంటు కట్ చేస్తుంది, కొన్ని బోర్డుల్లో ఆ కోడ్ చెరిగిపోతుంది. కోడ్‌ల పట్టిక సాధారణంగా ప్యానెల్ లోపలివైపు అంటించి ఉంటుంది. ఫిల్టర్ మార్చిన రోజే బ్లోయర్ ఆగిందంటే ఈ ప్యానెల్ సరిగ్గా కూర్చోలేదేమో చూడండి. డోర్ స్విచ్ నొక్కుకోకపోతే ఏదీ నడవదు.

బోర్డు మీద కారు ఫ్యూజులాంటిది కనిపిస్తుంది. ఊదారంగుదైతే 3 ఆంపియర్లు, లేత గోధుమరంగుదైతే 5. అది కాలిపోయిందంటే సాధారణంగా ఎక్కడో 24 వోల్టుల తీగ షార్ట్ అయినట్టు. రేకు అంచుకు ఒరుసుకుని ఉండవచ్చు, బయట గడ్డి కోసే యంత్రం తెంపి ఉండవచ్చు. కొత్త ఫ్యూజు కూడా వెంటనే పోతే తీగను వెతకాలే తప్ప పెద్ద ఫ్యూజు పెట్టకూడదు, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది.

వానాకాలం ఉక్కలో వచ్చే ఇంకో సంగతి ఫ్లోట్ స్విచ్. కాయిల్ నుంచి కారే నీళ్లు పోయే గొట్టం నాచుతో పూడుకుంటే కింది పళ్లెంలో నీళ్లు నిలుస్తాయి. స్విచ్ తేలి కరెంటు తెంచుతుంది. కొన్ని ఇళ్లలో థర్మోస్టాట్ తెర కూడా నల్లబడుతుంది. బయటి గొట్టం చివర నీళ్లు కూడా లాగగల వాక్యూమ్ పెట్టి లాగితే నాచు వచ్చేస్తుంది. ఏసీ నడిచే నెలల్లో నెలకొకసారి కాయిల్ దగ్గర ఆ గొట్టంలో కప్పు వెనిగర్ పోయండి.

ఇవన్నీ సరిగ్గా ఉండి, మోటారు గుర్రుమంటూ కదలకపోతే, పాత రకం మోటారుల్లో మొదటి అనుమానం కెపాసిటర్ మీదే. సీలింగు ఫ్యానుకు మనం కండెన్సర్ అంటామే, అదే. కానీ ఇక్కడి టెక్నీషియన్‌తో ఆ మాట అనకండి, వాళ్లకు కండెన్సర్ అంటే బయటి యూనిట్. బ్రేకర్ ఆపి చూస్తే వెండిరంగు డబ్బా, దాని మీద 10 అని ఉంటుంది, లేదా 5, 7.5. అది మైక్రోఫారడ్లలో దాని సామర్థ్యం. 10 మైక్రోఫారడ్లది, 5 శాతం తేడాతో, మీటరులో 9.5కూ 10.5కూ మధ్య చూపాలి. 7 చూపితే అయిపోయినట్టే. పైభాగం ఉబ్బి ఉంటే మీటరు కూడా అక్కర్లేదు. కరెంటు ఆపినా అందులో చార్జి నిలిచి ఉంటుంది. దాన్ని దింపడం తెలియనివాళ్లు ముట్టుకోవద్దు.

కరెంటు ఆపే ఉన్నప్పుడు మోటారు తిప్పే బ్లోయర్ చక్రాన్ని చేత్తో తిప్పండి. హాయిగా నాలుగు చుట్లు తిరిగితే బేరింగులు బాగున్నట్టే. బిగుసుకున్నా, గీరుకున్నా ఆ మోటారుకు రోజులు దగ్గరపడ్డాయి. మోటారు తిరుగుతున్నా చక్రం తిరగకపోతే, ఇరుసును పట్టే సెట్ స్క్రూ వదులైంది. దాన్ని ఇరుసు చదును భాగం మీదే బిగించాలి.

2019 జులై 3 తర్వాత తయారైన గ్యాస్ ఫర్నేసుల్లో అమెరికా ఇంధన శాఖ నిబంధన వల్ల చాలావరకు ఈసీఎం, అంటే ఎలక్ట్రానిక్స్‌తో నడిచే, మోటార్లే. వీటికి ఈ కెపాసిటర్ ఉండదు. లోపల ఎలక్ట్రానిక్ మాడ్యూల్ ఉంటుంది, దానికి మెరుపుల వేళ కరెంటు ఒక్కసారిగా ఎగిసే సర్జ్ అన్నా, పైనుంచి కారే నీళ్లన్నా పడదు. టెక్నీషియన్ రెండు కొలతలు చూపాలి. మోటారు ప్లగ్ దగ్గర 120 వోల్టులు వస్తున్నాయా, తిరగమనే సంకేతం వస్తోందా? రెండూ ఉండి తిరగకపోతేనే మాడ్యూల్ గానీ మోటారు గానీ పోయినట్టు. కరెంటు ఉండగా ఆ ప్లగ్ పీకకూడదు. ఆపాక కూడా 5 నిమిషాలు ఆగాలి.

ఇంతకీ మోటార్లు ఎందుకు అర్ధాయుష్షుతో పోతాయి? ఎక్కువగా ఊపిరాడకే. మనిళ్లలో రోజూ తాలింపు, పూజగదిలో అగరుబత్తి. పొయ్యి మీది హుడ్ చాలా ఇళ్లలో గాలిని బయటికి పంపదు, వంటింట్లోకే తిప్పి వదులుతుంది. ఆ నూనె ఆవిరి ఫిల్టర్‌కూ, దాన్ని దాటి చక్రం రెక్కలకూ పడుతుంది. ఒక్కో రెక్క వేలెడు వెడల్పు కూడా లేని చిన్న దోనె. దాని గుంటలో జిడ్డూ దుమ్మూ నిండితే చక్రం తిరుగుతూనే ఉంటుంది, గాలి మాత్రం రాదు. పాత రకం మోటారు అప్పుడు తక్కువ కరెంటే తీసుకుంటుంది, కానీ చల్లబరిచే గాలి తగలక వేడెక్కి చెడుతుంది. గాలి మోతాదు తగ్గనివ్వని ఈసీఎం రకమైతే ఇంకా వేగంగా తిరుగుతూ ఇంకా కరెంటు లాగుతుంది.

ఫిల్టర్ ఎంత సన్నటి దుమ్మును పట్టగలదో చెప్పే అంకె మెర్వ్. ఎక్కువుంటే మంచిదని ఒక అంగుళం మందం మెర్వ్ 13 ఫిల్టర్ పెట్టడం చాలా ఇళ్లలో బ్లోయర్‌కు భారమే. ఒక అంగుళం చోటులో మెర్వ్ 8 పెట్టి, రోజూ వంట జరిగే ఇంట్లో నెలన్నరకు మార్చండి. మెర్వ్ 13 కావాలంటే 4 అంగుళాల ఫిల్టర్ పట్టే పెట్టె వేయించుకోండి. బాణం గుర్తు ఫర్నేస్ వైపు ఉండాలి.

చివరిగా, మోటారు మార్చాల్సిందేనని తేలితే డబ్బు కట్టే ముందు వారంటీ అడగండి. చాలా కంపెనీలు కొత్త యూనిట్‌ను 60 రోజుల్లోనో 90 రోజుల్లోనో రిజిస్టర్ చేస్తే విడిభాగాలకు 10 ఏళ్లు, చేయకపోతే 5 ఏళ్లు ఇస్తాయి. కూలీ అందులో రాదు. మోడల్, సీరియల్ నంబర్లు ప్యానెల్ లోపలి స్టిక్కర్ మీద ఉంటాయి. ఇవాళ ఇంటికి వెళ్లగానే ఫోనుతో దాన్ని ఫొటో తీసి పెట్టుకోండి.