35తో గుణించి చూడండి: ట్యాంకు మోడళ్ల అదనపు సామాను

మిత్రులారా, నమస్కారం.

ట్యాంకు మోడల్ కిట్టు కొన్న తర్వాతే అసలు ఖర్చు మొదలవుతుంది. ఇత్తడి రేకులు, రెజిన్ (అచ్చులో పోసి గట్టిపరిచే పదార్థం) సామాను, లోహపు ఫిరంగి గొట్టాలు, జెర్రీ క్యాన్లు (ఇంధనం డబ్బాలు) అన్నీ విడివిడి సెట్లుగా దొరుకుతాయి. ఏది కొనాలి, ఏది ఇంట్లో చేసుకోవాలి అన్నదానికి ఒక లెక్క ఉంది. సైనిక వాహనాల్లో ఎక్కువగా నడిచేది 1/35 స్కేలు, అంటే అసలు బండిలో 35వ వంతు. చేతిలో ఉన్న ముక్క మందాన్ని 35తో గుణించండి.

కిట్టులోని ప్లాస్టిక్ ఫెండర్ (ట్రాకు గొలుసు పైన ఉండే పల్చటి రేకు) అంచు 1 మి.మీ. ఉందనుకోండి, అసలు లెక్కలో 35 మి.మీ. అది ఫెండర్ కాదు, కవచం! 0.15 మి.మీ. ఫొటో-ఎచ్ ఇత్తడి (రసాయనంతో కొరికించి ఆకారాలు తీసిన రేకు) అయితే 5 మి.మీ. పైచిలుకు. ఇంకా జెర దొడ్డే, కానీ కంటికి రేకులాగే ఆనుతుంది. పార, గొడ్డలి కామలకు మాత్రం ఇత్తడి వద్దు. కామ గుండ్రన, రేకు బల్లపరుపు. కామ ప్లాస్టిక్‌దే ఉంచి, పట్టుకునే క్లిప్పులు ఇత్తడివి పెట్టండి.

ఇత్తడి ముక్కను అది అంటుకొని వచ్చే రేకు చట్రం నుంచి గాజు పలక మీదో టైల్ మీదో కోయాలి. మెత్తటి కటింగ్ మ్యాట్ మీద కోస్తే బ్లేడు ఒత్తిడికి ముక్క వంగుతుంది. మడత కోసం సగం లోతు చెక్కిన గీత మడతకు లోపలివైపు రావాలి. గుండ్రంగా వంచాల్సినవాటినే మంట మీద మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి చల్లారనివ్వండి. అన్నిటినీ కాలిస్తే ముట్టుకుంటేనే సొట్ట పడతాయి.

ప్లాస్టిక్ సిమెంటు ప్లాస్టిక్‌ను కరిగించి అతికిస్తుంది. ఇత్తడి, రెజిన్ కరగవు కాబట్టి వాటికి సూపర్ గ్లూ కావాలి. మన ఎండలకు దాన్ని ఫ్రిజ్‌లో దాచడం మంచిదే, కానీ సీసా గది వేడికి వచ్చాకే మూత తీయండి. లేకుంటే లోపల చెమ్మ చేరి గట్టిపడుతుంది. వానాకాలం దాని ఆవిరి చుట్టూ తెల్లని పొరలా పడుతుంది. అందుకే పెరిస్కోపు అద్దాలకు ఫెవికాల్ వాడండి.

రెజిన్ ముక్కల మీద అచ్చు జిడ్డు ఉంటుంది. సబ్బు నీళ్లతో కడగకపోతే రంగు పొరలై లేస్తుంది. రెజిన్‌ను రుద్దితే వచ్చే దుమ్ము ఊపిరితిత్తులకు చెడ్డది, తడి గరుకు కాగితంతోనే రుద్దండి, మాస్కు కట్టుకోండి. వంకర పోయిన రెజిన్ కడ్డీని వేడినీళ్లలో ముంచి సరిచేసి, వెంటనే చన్నీళ్లలో పెట్టాలి. అయినా మే నెలలో రేకుల గదిలో మళ్లీ వాలొచ్చు. ఫిరంగి గొట్టానికి మాత్రం లేతు మీద తీసిన అల్యూమినియందే కొనండి.

జర్మన్ జెర్రీ క్యాను 20 లీటర్లది. సుమారు 47 సెం.మీ. ఎత్తు, అంటే మోడల్‌లో 13 మి.మీ. పైన. దాని నడుమ వెల్డింగు గాడి నిజంగానే ఉంటుంది. అతుకు అనుకొని పుట్టీతో పూడ్చేస్తారు చాలామంది.

ట్యాంకు మీద ఉండే లాగుడు తాడు కొననక్కర్లేదు. బోరు మోటార్లు వైండింగ్ చేసే దుకాణంలో 34 గేజి రాగితీగ అడగండి, మందం 0.23 మి.మీ. ఒకటి నడుమ, ఆరు చుట్టూ పెట్టి మెలితిప్పితే 0.7 మి.మీ. తాడు. 35తో గుణిస్తే 24 మి.మీ. పైన, ట్యాంకు ఉక్కు తాడుకు సరిపోతుంది. మెలికలో పొడవు తగ్గుతుంది, కొంచెం ఎక్కువే కత్తిరించుకోండి.

టార్పాలిన్‌కు గుడ్డ వాడొద్దు. పోచంపల్లి మగ్గం మీది ఎంత సన్న నేత అయినా 0.2 మి.మీ. ఉంటే 7 మి.మీ. తివాచీ అయిపోతుంది. టిష్యూ కాగితం, సగం నీళ్లు సగం ఫెవికాల్ చాలు. తడిగా ఉండగానే మడతలు కిందికి వేలాడేలా సర్దండి.

ఇక మోడల్‌ను నిలబెట్టే నేల. మన ఎర్ర చెల్క మట్టిని పెనం మీద వేయించి పాత పంచె గుడ్డలో జల్లించండి. అరమిల్లీమీటరు ఇసుక రేణువు కూడా ఇక్కడ 17 మి.మీ. కంకరే. జిగురు నీళ్లలో ఒక చుక్క సబ్బు వేస్తే మట్టిలోకి ఇంకుతుంది, లేకుంటే బొట్లై నిలుస్తుంది. ఈ ఎరుపు వియత్నాం దృశ్యాలకు బాగుంటుంది. 1971 భారత్-పాక్ యుద్ధంలోని లోంగేవాలా పోరు దృశ్యానికి పనికిరాదు, అక్కడిది రాజస్థాన్ పసుపు ఇసుక.

బండిని ఆరిన నేల మీద పెడితే ట్రాకు కింద వెలుతురు కనిపిస్తుంది, 41 టన్నుల టీ-72 ట్యాంకు గాలిలో తేలినట్టుంటుంది. నేల పచ్చిగా ఉండగానే పల్చటి పాలిథిన్ పరచి బండిని అద్ది తీయండి. 1 మి.మీ. లోతు చాలు.