బుల్లెట్‌కి కాగితం ఎందుకు చుట్టేవాళ్లు?

[తెర మీద: సీసం బుల్లెట్ ఒకటి, పక్కనే తెల్ల కాగితం చుట్టిన ఇంకొకటి]

1857 అనగానే మనకి తూటాలు గుర్తొస్తాయి. ఆవు కొవ్వు, పంది కొవ్వు, పళ్లతో కొరకడం... స్కూల్లో సోషల్ పాఠం. సరే, ఆ కొవ్వు పూసింది కాగితానికి కదా, అసలు ఆ కాగితం ఎందుకు?

తుపాకి మందు పోసిన పొట్లం అనుకుంటాం. సగమే నిజం. తూటా అంటే మందు, బుల్లెట్ రెండూ ఉన్న కాగితపు పొట్లం. ఎన్‌ఫీల్డ్ రైఫిల్ పట్టిన సిపాయి తూటా కొస కొరికి, మందుని తుపాకి గొట్టంలో పోసి, తూటాని తిరగేసి, బుల్లెట్ ఉన్న కొసని కాగితంతో సహా గొట్టంలోకి దూర్చేవాడు. మిగిలిన కాగితం చింపేసి, బుల్లెట్‌ని కడ్డీతో లోపలికి దించేవాడు. అంటే బుల్లెట్ కాగితం కట్టుకునే లోపలికి వెళ్లేది. కొవ్వు పూసింది అందుకే, సాఫీగా జారడానికి.

[యానిమేషన్: గొట్టం అడ్డకోత, లోపల మెలి తిరిగిన గాడులు]

రైఫిల్ గొట్టంలో మెలి తిరిగిన గాడులుంటాయి. బుల్లెట్ వాటిని పట్టుకుని గిర్రున తిరుగుతూ బయటికొస్తేనే తిన్నగా పోతుంది. గాడుల్లో ఒదగాలంటే మెత్తగా ఉండాలి, అందుకే సీసం. కానీ సీసం ఆ వేగంలో ఉక్కుకి రాసుకుంటే గొట్టానికే అంటుకుపోతుంది. నాలుగు గుండ్లు పేలేసరికి గురి చెడుతుంది.

మధ్యలో కాగితం ఉంటే సీసం ఉక్కుని తాకదు. మందు అంటుకుని వెనక నుంచి గుద్దగానే బుల్లెట్ కాస్త పొట్టిదై, లావెక్కి, కాగితంతో పాటే గాడుల్లో ఇరుక్కుంటుంది. గాడుల మధ్య గట్లు కాగితాన్ని నిలువునా చీలుస్తాయి. గొట్టం దాటగానే అది ముక్కలై రాలిపోవాలి. ఏ ముక్కో బుల్లెట్‌ని పట్టుకుని వేలాడిందా, గురి గోవిందా.

[క్లోజప్: చేతులు, తడి కాగితం]

అసలు పనితనం చుట్టడంలో ఉంది. పల్చటి, గట్టి కాగితాన్ని రెండు కొసలూ ఏటవాలుగా కత్తిరిస్తారు. తడిపి, సరిగ్గా రెండు చుట్లు చుడతారు. కొసలు ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు, మధ్యలో సందూ ఉండకూడదు. ఎక్కితే ఒక పక్క లావు, సందుంటే అక్కడ సీసం బయటపడుతుంది. అడుగున మిగిలిన కాగితాన్ని మెలేసి లోపలికి మడుస్తారు. ఆరాక కాగితం బిగుసుకుని పంచె కట్టినట్టు పట్టేస్తుంది. జిగురుతో పని లేదు. పాత రైఫిళ్లతో పోటీలకెళ్లే వాళ్లు ఇప్పటికీ ఇలాగే చుడతారు. గుండు పేల్చాక ముందుకెళ్లి నేల మీది కాగితం ఏరి చూస్తారు. సన్నటి తునకలుంటే మంచిది. కాలి, చిల్లులు పడి ఉంటే ఏదో తేడా ఉన్నట్టే.

[పాత ఫోటో: క్రీడ్‌మూర్, న్యూయార్క్]

ఇది ఎంత దూరం పనిచేసిందో 1874 సెప్టెంబరులో క్రీడ్‌మూర్ షూటింగ్ మైదానంలో జరిగిన పోటీలో తేలింది. ఐర్లండ్, అమెరికా జట్లు, 800, 900, 1000 గజాల దూరాలు. ఐరిష్ వాళ్లవి గొట్టం మూతి నుంచి మందు కూరే రిగ్బీలు, అమెరికన్లవి వెనక నుంచి తూటా పెట్టే షార్ప్స్, రెమింగ్టన్‌లు. తుపాకులు వేరైనా బుల్లెట్‌కి కాగితం ఇద్దరిదీ. అమెరికా 934, ఐర్లండ్ 931. ఐరిష్ ఆటగాడొకడు పొరపాటున పక్క టార్గెట్ మధ్యలో కొట్టాడు, దానికి సున్నా! ఆ ఒక్క గుండూ లెక్కలోకి వచ్చుంటే గెలుపు వాళ్లదే.

బ్రిటిష్ సైన్యం 1871లో తీసుకున్న మార్టిని-హెన్రీ రైఫిల్ బుల్లెట్ సుమారు 31 గ్రాములు. దానికీ కాగితమే.

[తెర మీద: లీ-మెట్‌ఫర్డ్]

ఇక ఇంగ్లీషు ఇంజనీరు విలియం మెట్‌ఫర్డ్. లోతు తక్కువ గాడులు, గట్టి సీసం, పైన కాగితం: గురి పోటీల్లో ఈయన పద్ధతికి తిరుగులేదు. 1888లో సైన్యానికి వచ్చిన కొత్త రైఫిల్ పేరులో ఈయన పేరుంది, గొట్టంలో ఈయన గాడులున్నాయి. కానీ దాని బుల్లెట్ సన్నం, వేగం ఎక్కువ. కాగితం చాలదు. సీసం చుట్టూ రాగి-నికెల్ తొడుగు వేశారు. ఈ తొడుగు దారిలో ఊడిపోదు, బుల్లెట్‌తో పాటే టార్గెట్ దాకా వెళ్తుంది.