చిన్నమ్మ అడిగిన రక్తపరీక్ష

శ్రోతలకు నమస్కారం.

మా చిన్నమ్మది ఉరవకొండ దగ్గర పల్లె. ఊపిరితిత్తిలో గడ్డ ఉందని స్కానింగ్‌లో తేలింది. అది ఏ రకమో తెలియాలంటే వీపులోంచి సూది దించి ముక్క తీయాలన్నారు. ముందురోజు రాత్రి నా చెయ్యి పట్టుకుని, "రక్తం తీసుకుని చూస్తే చాలదా నాయనా? మళ్ళా ఈ సూది ఎందుకు?" అంది. కాలేజీలో జీవశాస్త్రం చెప్పేవాణ్ణే, ఆ టెన్షన్‌లో నాకు నోట మాట రాలేదు. ఆమెకు నేను బాకీపడ్డ జవాబే ఈ ప్రసంగం.

క్యాన్సర్ గడ్డలోంచి కొన్ని కణాలు ఊడి రక్తంలో పడతాయి. జబ్బు మరో అవయవానికి పాకేది ఎక్కువగా వీటివల్లే. 1869లోనే ఆస్ట్రేలియాలో థామస్ ఆష్‌వర్త్ అనే వైద్యుడు, క్యాన్సర్‌తో చనిపోయిన మనిషి రక్తంలో అచ్చం గడ్డలోవాటిలాంటి కణాలు చూశానని రాశాడు. చిక్కల్లా లెక్కతోనే. ఒక్క మిల్లీలీటరు రక్తంలో ఎర్రకణాలు సుమారు 500 కోట్లు, తెల్లకణాలు లక్షల్లో. జబ్బు పాకినవాళ్ళలో కూడా ఈ గడ్డ కణాలు చాలాసార్లు పదికి మించవు. తొలకరి వానకు వజ్రకరూరు చేలల్లో వజ్రాలు వెతికేవాళ్ళ పని ఇంతకంటే సులువు.

అందుకే చిప్ చేశారు. చేతిలో పట్టే చిన్న పలక, దాని నిండా వెంట్రుకంత సన్నటి కాలవలు. మైక్రోఫ్లూయిడిక్ చిప్ అంటారు. ఒక పద్ధతి మన జల్లెడలాంటిది. ఎర్రకణం ఏడెనిమిది మైక్రాన్లుంటే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), గడ్డ కణం చాలావరకు 12 నుంచి 25 దాకా ఉంటుంది. కాలవను చుట్టలు చుట్టలుగా తిప్పి రక్తాన్ని పారిస్తే, పెద్దవి లోపలి గట్టు పక్కకు చేరతాయి. ఆ దారిని చీల్చి వాటిని విడిగా పట్టుకుంటారు. అయితే కొన్ని తెల్లకణాలు కూడా అంతే లావుంటాయి, అవీ కలిసి వచ్చేస్తాయి.

రెండో పద్ధతి నాకు మరీ ఇష్టం. బీడులో నడిచొస్తే ఉత్తరేణి గింజలు చీర అంచుకు ఎట్లా పట్టుకుంటాయో చూశారు కదా! 2007లో అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రిలో సునీతా నాగ్రత్, మెహ్మెత్ టోనర్ బృందం 78,000 సన్నటి స్తంభాలున్న చిప్ చేసింది. ఆ స్తంభాలకు యాంటీబాడీ పూశారు. గడ్డ కణాల ఒంటిమీద ఉండి, రక్తకణాల మీద లేని ఒక ప్రొటీన్‌ను అది పట్టుకుంటుంది. గంటకు ఒకటి రెండు మిల్లీలీటర్ల చొప్పున, నిదానంగా రక్తాన్ని పంపితే గడ్డ కణాలు స్తంభాలకు అంటుకుపోయాయి. కానీ కొన్ని గడ్డ కణాలు ఆ ప్రొటీన్‌ను వదిలేసి తప్పించుకుంటాయి. ఈ లోటు ఇంకా పూర్తిగా తీరలేదు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇది బయాప్సీకి, అంటే ముక్క తీసి చూసే పరీక్షకు, బదులు కాదు. గడ్డ కణం దొరకలేదంటే క్యాన్సర్ లేదని కూడా కాదు. అయస్కాంతంతో ఈ కణాలను లెక్కపెట్టే ఒక పరీక్షకు అమెరికాలో 2004లో అనుమతి వచ్చింది. అదీ జబ్బు పాకిందని ముందే తేలినవాళ్ళ పరిస్థితి అంచనా వేయడానికే. డాక్టరు ముక్క తీయాలంటే దయచేసి వాయిదా వెయ్యకండి. మా చిన్నమ్మ కూడా తీయించుకుంది.

తర్వాత ఒకరోజు ఆమె అరుగు మీద శనక్కాయలు చెరుగుతుంటే ఇదంతా చెప్పాను. చేట ఆపి, "సరే, పట్టుకున్నాక వాటిని ఏం చేస్తారు?" అంది.

"వాటి జన్యువులు చూస్తారు చిన్నమ్మా. 2008లో అదే ఆస్పత్రివాళ్ళు ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్నవాళ్ళ రక్తంలో ఈ కణాలను పట్టి, మందుకు లొంగకుండా చేసే మార్పును కనిపెట్టారు. మాటిమాటికీ సూది గుచ్చకుండా మందు మార్చాలా వద్దా తెలుసుకోవచ్చని ఆశ."

ఆమె మళ్ళీ చేట చేతిలోకి తీసుకుంది. "అయితే తొందరగా కానీమను. నా మాదిరి వాళ్ళు ఇంకా ఎంతమంది ఉన్నారో."

నమస్కారం.