నోట్స్ వచ్చాయి, టైమింగ్ రావట్లేదా? బేస్ నేర్చుకుంటున్నవాళ్ల కోసం

నమస్కారం అందరికీ. బేస్ గిటార్ నేర్చుకుంటున్నవాళ్లలో చాలామంది చెప్పే బాధ ఒకటుంది. "పాట మొత్తం వచ్చేసింది, ఏ ఫ్రెట్ (మెడ మీది గడి) తర్వాత ఏ ఫ్రెట్టో కళ్లు మూసుకుని చెప్పగలను. కానీ ఒరిజినల్ పెట్టుకుని దాంతో పాటు వాయిస్తే ఎక్కడో అతకట్లేదు. తప్పు నోట్ ఒక్కటీ లేదు, అయినా పాటలా లేదు." ఈ రోజు వీడియో అంతా ఆ అతకకపోవడం గురించే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బేస్‌లో ప్రతి నోట్‌కీ టైమింగ్ రెండు చోట్ల ఉంటుంది: నోట్ మొదలయ్యే చోట, నోట్ ఆగే చోట. మనం ప్రాక్టీస్ చేసేదంతా మొదటిదాని మీదే. రెండోదాన్ని దాని ఇష్టానికి వదిలేస్తాం. పాట అతకట్లేదని వచ్చినవాళ్లను వాయించమని వింటే, నాకు ఎక్కువసార్లు దొరికే లోపం ఆ రెండోదే.

వాయించి చూపిస్తాను. ఒకే ఒక్క బార్ తీసుకుందాం. నాలుగు బీట్లు, టెంపో 80, నిమిషానికి 80 బీట్లు. అంటే ఒక్కో బీట్ ముప్పావు సెకను. నోట్ కూడా ఒక్కటే, అన్నిటికన్నా లావు స్ట్రింగ్ మీద 5వ ఫ్రెట్. వన్ అండ్ టూ అండ్ త్రీ అండ్ ఫోర్ అండ్ అని లెక్కపెడితే, వన్ మీద ఒకటి, టూ తర్వాత వచ్చే అండ్ మీద ఒకటి, త్రీ మీద ఒకటి, ఫోర్ తర్వాత వచ్చే అండ్ మీద ఒకటి. డ్రమ్స్‌లో కిక్, అంటే కాలితో కొట్టే పెద్ద డ్రమ్, మొదటి మూడు చోట్లా మనతో పాటే పడుతోంది. స్నేర్, అంటే పుల్లతో కొట్టే పదునైన దెబ్బ డ్రమ్, టూ మీద, ఫోర్ మీద.

మొదటిసారి వినండి. (వాయిస్తూ) ప్రతి నోట్ పడాల్సిన చోటే పడుతోంది. కానీ తర్వాతి నోట్ వచ్చేదాకా దాన్ని మోగనిస్తున్నాను. తప్పేం లేదు, కానీ బరువుగా ఉంది కదా, కాళ్లు ఈడ్చుకుంటూ నడిచినట్టు.

ఇప్పుడు రెండోసారి. (వాయిస్తూ) మొదలయ్యే చోట్లు ఏమీ మార్చలేదు. వన్ మీద మొదలైన నోట్‌ని టూ మీద స్నేర్ పడే క్షణంలో ఆపుతున్నాను. త్రీ మీద మొదలైనదాన్ని ఫోర్ మీద స్నేర్ పడగానే ఆపుతున్నాను. అంతే. స్నేర్ ఒక్కసారిగా ఎంత విప్పుకుందో చూడండి. వాల్యూమ్ పెంచలేదు, మిక్స్ మార్చలేదు. స్నేర్ పడే చోట బేస్ తప్పుకుంది కాబట్టి దాని దెబ్బ పూర్తిగా వినిపిస్తోంది.

ఇది మన వాయిద్యంలో ఇంత ముఖ్యం కావడానికి కారణం ఉంది. నాలుగు స్ట్రింగ్‌ల బేస్‌లో అన్నిటికన్నా కింది స్వరం సెకనుకి సుమారు 41 సార్లు కంపిస్తుంది. అంటే ఒక్క కంపనం పూర్తవడానికే దాదాపు 24 మిల్లీసెకన్లు పడుతుంది. అందుకే బేస్ నోట్ మొదలు హై-హ్యాట్ (డ్రమ్స్‌లో ఉండే జంట తాళాలు) దెబ్బంత పదునుగా ఉండదు. కానీ ఆ బరువైన శబ్దం ఉన్నట్టుండి ఆగిపోతే మాత్రం పాట వినేవాళ్లందరికీ తెలుస్తుంది. పేరు పెట్టి చెప్పలేకపోవచ్చు, ఒంటికి తెలుస్తుంది.

మరి నోట్‌ని ఎలా ఆపాలి? ఎడమ చేతి వేలిని స్ట్రింగ్ మీద నుంచి ఎత్తేయకండి. ఎత్తేస్తే ఓపెన్ స్ట్రింగ్ మోగుతుంది, లేదా టక్కుమని చిన్న శబ్దం వస్తుంది. నొక్కుడు మాత్రమే వదలండి, వేలు స్ట్రింగ్‌ని తాకుతూనే ఉండాలి. దగ్గరగా చూపిస్తాను, ఇదిగో. వేలు కదిలినట్టు కూడా కనిపించదు. ఓపెన్ స్ట్రింగ్ అయితే నొక్కుడు వదలడమనేదే ఉండదు కదా, అక్కడ కుడి చేయి పని చేయాలి. చూపుడు వేలితో వాయించారు, తర్వాతి నోట్‌కి మధ్య వేలు రావాలి. ఆ మధ్య వేలిని ముందే తెచ్చి స్ట్రింగ్ మీద ఆనించండి. నోట్ ఆగుతుంది, తర్వాతి నోట్‌కి వేలు సిద్ధంగానూ ఉంటుంది. ఓపెన్ స్ట్రింగ్‌లు ఉన్న పాటల్లో లైన్ అంతా బురదబురదగా వినిపిస్తోందంటే నేను మొదట చూసేది ఇదే.

సరే, ఒక్క బార్ కాదు, పాట మొత్తం నేర్చుకోవాలి. ఇక్కడ మన అలవాటు క్రమం తలకిందులుగా ఉంది. ట్యాబ్ (ఏ స్ట్రింగ్ మీద ఏ ఫ్రెట్టో అంకెల్లో రాసింది) తెరుస్తాం, నోట్స్ పట్టేస్తాం, టైమింగ్ తర్వాత సర్దుకుందాం అనుకుంటాం. కానీ సర్దుకునే టైమ్ వచ్చేసరికి వేళ్లు ఆ లైన్‌ని తప్పు టైమింగ్‌తోనే బాగా నేర్చేసుకుని ఉంటాయి. దాన్ని చెరిపి మళ్లీ రాయడం కొత్తగా నేర్చుకోవడం కంటే కష్టం.

నేను చెప్పేది ఏంటంటే, పాట మొదలుపెట్టిన రోజు బేస్ చేతిలోకే తీసుకోకండి. పాట పెట్టుకుని స్నేర్‌తో పాటు చప్పట్లు కొట్టండి. తర్వాత కిక్ ఎక్కడెక్కడ పడుతోందో విని, దాన్ని కాలితో వేయండి. ఆ తర్వాత బేస్ లైన్‌ని నోటితో అనండి. స్వరం కలవకపోయినా ఫర్వాలేదు, దుమ్, దు, దూమ్మ్ అని పొడుగూ పొట్టీ తెలిసేలా అంటే చాలు. నోటితో అనలేని రిథమ్ వేళ్లలోకి రాదు. ఈ మాట మీద నాకు గట్టి నమ్మకం ఉంది.

ఇప్పుడు బేస్ తీసుకోండి, కానీ ఎడమ చేయిని స్ట్రింగ్‌ల మీద ఊరికే పరిచి మొత్తం మ్యూట్ చేసేయండి. పాట పొడుగునా కుడి చేత్తో డెడ్ నోట్స్, అంటే స్వరం లేని టక్కులు, మాత్రమే. టక్, టటక్, టక్. వినడానికి ఏమీ బాగోదు, కానీ మీ టైమింగ్ నిజంగా ఎలా ఉందో ఇక్కడ బయటపడుతుంది. అది కుదిరాక పాట అంతా కార్డ్‌లకి ఆధారమైన స్వరాలు, అంటే రూట్ నోట్స్‌తో. అసలు లైన్ చివర్లో. ఇలా చేస్తే వారం పడుతుందేమో అని టెన్షన్ పడకండి, నోట్స్‌తో మొదలుపెట్టిన దారి కంటే ఇదే దగ్గర.

బీట్‌ని నాలుగు ముక్కలు చేసే లైన్లు, అంటే సిక్స్‌టీన్త్ నోట్స్ ఉన్నవి, వన్-ఈ-అండ్-అ అని లెక్కపెట్టడానికి నోరు తిరగట్లేదా? తకధిమి అనండి. 'త' బీట్ మీద, 'ధి' సరిగ్గా బీట్ మధ్యలో. ఇప్పుడు లైన్‌లో ప్రతి నోట్‌కీ ఒక అక్షరం దొరుకుతుంది. ఈ నోట్ 'క' మీదా, 'మి' మీదా అని అడిగితే జవాబు ఒక్కటే ఉంటుంది, సుమారుగా అనేది ఉండదు. బీట్‌ని మూడు ముక్కలు చేసి ఊగే షఫల్ పాటలైతే తకిట అనుకుని, మధ్యలో 'కి'ని మనసులోనే అని, 'త', 'ట' మాత్రం వాయించండి. షఫల్ ఊపు దానంతటదే వస్తుంది.

మెట్రోనోమ్, అంటే టెంపోకి తగ్గట్టు క్లిక్ కొట్టే పరికరం, దాని సంగతికి వద్దాం. ప్రతి బీట్‌కీ క్లిక్ పెట్టుకుని వాయించడం మంచి మొదలు. అక్కడే ఉండిపోకూడదు. ఎందుకంటే అప్పుడు టైమ్ చూసుకుంటున్నది మెట్రోనోమ్, మీరు కాదు. 80లో ఉన్న పాటకి మెట్రోనోమ్‌ని 40లో పెట్టండి, ఆ క్లిక్‌లు టూ, ఫోర్ అనుకోండి. క్లిక్ పడినప్పుడు టూ అనండి, తర్వాతి క్లిక్‌కి ఫోర్, మధ్యలో త్రీ, వన్ మీరే నింపుకోండి. కాసేపటికి ఆ క్లిక్ స్నేర్‌లా వినిపించడం మొదలవుతుంది, మీ నోట్‌ని దాని మీద ఆపే ప్రాక్టీస్ కూడా అక్కడే అయిపోతుంది. అది కుదిరాక బార్‌కి ఒక్క క్లిక్. 80 టెంపోలో అంటే 3 సెకన్లకి ఒకటి. ఆ 3 సెకన్లూ మీవే. క్లిక్ వచ్చేసరికి మీరు ముందే వన్ వాయించేశారా, పరిగెడుతున్నారు. క్లిక్ మీకంటే ముందు వచ్చిందా, వెనకబడ్డారు.

ఎక్కువమంది పరిగెడతారు. ఇందులో సిగ్గుపడాల్సింది లేదు. క్లిక్‌తో పాటు వేలితో తట్టమంటే మనుషులు సహజంగానే క్లిక్ కంటే కొద్దిగా ముందు, కొన్ని పదుల మిల్లీసెకన్ల ముందు తడతారని, సంగీతం నేర్చుకున్నవాళ్లలో ఆ తేడా తగ్గుతుందని పరిశోధనల్లో ఎన్నోసార్లు తేలింది. అంటే ఇది సాధనతో తగ్గే విషయం. ఇంకో సంగతి, స్లోగా వాయించడం తేలిక అనుకోకండి. 50 టెంపోలో రెండు బీట్ల మధ్య 1.2 సెకన్ల ఖాళీ ఉంటుంది. అంత ఖాళీని తొందరపడకుండా మొయ్యడం 110లో వాయించడం కంటే కష్టం. అందుకే స్లో టెంపోని నేర్చుకోవడానికే కాదు, పరీక్షించుకోవడానికి కూడా వాడండి.

మొదట వాయించిన బార్‌లో చివరి నోట్ ఒకటి మిగిలింది, ఫోర్ తర్వాతి అండ్ మీద ఉన్నది. పాటల్లో చాలాసార్లు ఆ నోట్ బార్ దాటి తర్వాతి వన్ మీదకి సాగుతుంది. అంటే కొత్త బార్‌లో వన్ మీద వేలు పడదు, నోట్ మాత్రం మోగుతూ ఉంటుంది. ఎంతోమంది టైమింగ్ తప్పేది ఇక్కడే. కొందరు అలవాటుకొద్దీ వన్ మీద మళ్లీ వాయించేస్తారు. కొందరు వన్‌ని పూర్తిగా మర్చిపోయి తర్వాతి నోట్ మీదకి దూకేస్తారు. కాలు వన్ మీద పడాలి, వేలు పడకూడదు. మొదట ఆ వన్ మీద మెల్లగా ఒక ఘోస్ట్ నోట్ వాయించండి, వినీ వినపడనట్టు. వన్ ఎక్కడుందో ఒంటికి పట్టాక దాన్ని తీసేయండి. వేలు పడని ఆ వన్ సరైన కొలతలో మిగులుతుంది.

కొన్ని చోట్ల టైమింగ్ తప్పేది మనసు వల్ల కాదు, వేళ్ల దారి వల్ల. సన్న స్ట్రింగ్ నుంచి లావు స్ట్రింగ్‌కి వచ్చేటప్పుడు ఒకే వేలిని అలాగే జార్చేస్తే రెండో నోట్ ముందే పడిపోతుంది. మెడ మీద దూరం జరగాల్సి వస్తే, జరగడానికి టైమ్ కావాలి కాబట్టి ముందు నోట్‌ని తెలియకుండానే కోసేస్తాం. రెండో సమస్యకి మందు, లైన్‌లో సహజంగా ఖాళీ ఉన్న చోట జరిగేలా ఫింగరింగ్ మార్చుకోవడం. ట్యాబ్‌లో ఎలా రాశారన్నది మీరు పట్టించుకోనక్కర్లేదు. కుడి చేతికి ఎన్ని వేళ్లు వాడాలన్నది కూడా అంత పెద్ద విషయం కాదు. మోటౌన్ అనే అమెరికా మ్యూజిక్ కంపెనీ రికార్డింగ్‌లలో బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ కుడి చేతి చూపుడు వేలు ఒక్కదానితోనే వాయించేవారు.

రికార్డ్ చేసుకోండి. ఫోన్ చాలు. మెట్రోనోమ్ శబ్దం కూడా అందులో పడేలా పెట్టుకుని, రికార్డ్ చేసిన వెంటనే కాకుండా కొంచెం ఆగి వినండి. ఒకసారి నోట్స్ మొదళ్ల కోసం, ఇంకోసారి చివర్ల కోసం మాత్రమే. ఒక హెచ్చరిక: బేస్‌ని కంప్యూటర్‌లోకి పంపి, మీ వాయింపుని బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్‌లో వింటూ ప్రాక్టీస్ చేయకండి. వాటిలో ఆలస్యం 100 నుంచి 200 మిల్లీసెకన్ల దాకా ఉండొచ్చు. 80 టెంపోలో తకధిమిలో ఒక్క అక్షరం పొడవే సుమారు 187 మిల్లీసెకన్లు, అంటే మీ నోట్ మీకు దాదాపు ఒక అక్షరం ఆలస్యంగా వినిపించొచ్చు. వైరు ఉన్న హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి.

పాత రికార్డింగ్‌లతో వాయించేటప్పుడు మెట్రోనోమ్ కలవకపోతే కంగారు పడకండి. క్లిక్ లేకుండా అందరూ కలిసి వాయించిన పాటల్లో టెంపో కొద్దిగా అటూ ఇటూ కదులుతుంది, కొన్ని చోట్ల కాస్త ఊపందుకుంటుంది. అక్కడ మెట్రోనోమ్ కట్టేసి హై-హ్యాట్‌ని పట్టుకోండి.

ఇక ఫిల్స్. నాలుగో బార్ చివర్లో నోట్స్ గబగబా వచ్చే చోటు. అందరూ పరిగెత్తేది అక్కడే, ఎందుకంటే ఫిల్ వస్తోందని రెండు బీట్ల ముందు నుంచే ఒళ్లు బిగుసుకుంటుంది. ఫిల్‌ని కొన్నాళ్లు తీసేయండి. ఆ బార్ మొత్తం ఏమీ వాయించకుండా నాలుగు బీట్లూ బయటికి లెక్కపెట్టి, డ్రమ్స్‌తో కలిసి వన్ మీద దిగండి. ఖాళీ బార్ తర్వాత వన్ ప్రతిసారీ సరిగ్గా పడుతున్నప్పుడు ఫిల్‌లోని చివరి రెండు నోట్స్ చేర్చండి, తర్వాత వాటి ముందు రెండు, అలా వెనక నుంచి ముందుకి రండి. లెక్క మాత్రం పైకి వినపడేలా చెబుతూనే ఉండండి.